విట్‌మన్ కౌంటీ గోధుమ సబ్సిడీ: ఎవరికి వస్తుంది, దేన్ని బట్టి వస్తుంది?

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, తూర్పున ఐడహో సరిహద్దును ఆనుకొని విట్‌మన్ కౌంటీ ఉంది. కౌంటీ అంటే మన జిల్లా వంటి పాలనా విభాగం. విస్తీర్ణం సుమారు 5,600 చదరపు కిలోమీటర్లు, అంటే ఇప్పటి తెలంగాణ సగటు జిల్లా కంటే బాగా పెద్దది. జనాభా మాత్రం 50 వేల లోపే. అందులోనూ సగానికి పైగా పుల్‌మన్ పట్టణంలోనే ఉంటారు. వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ ఉన్న ఊరు కాబట్టి ఆ పేరు తెలుగు విద్యార్థులకు కొత్త కాదు. పట్టణం దాటితే అంతా పలూస్ గుట్టలు. వేల ఏళ్లుగా గాలి మోసుకొచ్చి పోసిన మెత్తటి మట్టి మీద, ఎక్కువగా వాన నీటితోనే, రైతులు గోధుమ పండిస్తారు. దేశంలో అత్యధికంగా గోధుమ పండే కౌంటీగా విట్‌మన్‌కు దశాబ్దాలుగా పేరుంది. ఫెడరల్ ప్రభుత్వం నుంచి పంట సబ్సిడీల రూపంలో కోట్ల డాలర్లు అందుకునే కౌంటీల్లో కూడా ఇది ఒకటి.

రైతు సబ్సిడీ అనగానే మనకు తోచేది ఒకటే: రైతు పంట వేస్తాడు, పంట పోయినా ధర పడిపోయినా ప్రభుత్వం ఆదుకుంటుంది. విట్‌మన్ వంటి కౌంటీలో వ్యవహారం అంత సూటిగా నడవదు. అక్కడ ఒక రైతు ఖాతాలో డబ్బు పడాలంటే నాలుగు వేర్వేరు లెక్కలు కలవాలి. ధర దేశం మొత్తానికి సగటున తీసింది. దిగుబడి ఒక పథకంలో కౌంటీ సగటు, మరో పథకంలో ఆ పొలానికి ఎప్పుడో నమోదైన అంకె. ఎకరాలు పాత రికార్డులోవి. చెల్లింపు మీద గరిష్ఠ పరిమితి మాత్రం మనిషికి ఇంత అని ఉంటుంది. ఈ నాలుగింటినీ విడదీసి చూస్తే తప్ప, గట్టుకు అటూ ఇటూ ఒకే పంట వేసి ఒకే ధరకు అమ్ముకున్న ఇద్దరిలో ఒకరికి వేల డాలర్లు వచ్చి మరొకరికి ఏమీ రాకపోవడం ఎలా సాధ్యమో తెలియదు.

అన్నిటికీ మూలం ‘బేస్ ఎకరాలు’ అనే ఏర్పాటు. ఒక పొలంలో గతంలో ఏ పంట ఎన్ని ఎకరాల్లో వేశారో ప్రభుత్వం లెక్కగట్టి, అన్ని ఎకరాలను ఆ పంట పేరిట ఆ భూమికి శాశ్వతంగా రాసిపెట్టింది. ఈ లెక్కకు 1980ల నాటి చట్టాల్లోనే పునాదులు ఉన్నాయి. 2002 వ్యవసాయ చట్టం వచ్చినప్పుడు 1998 నుంచి 2001 వరకు వేసిన పంటలను బట్టి దాన్ని సవరించుకునే అవకాశం యజమానులకు ఇచ్చారు. 2014లో 2009–2012 నాటి సాగును చూసి, ఉన్న బేస్‌ను పంటల మధ్య మార్చుకోనిచ్చారు, కానీ మొత్తం పెంచుకోనివ్వలేదు. పొలం అమ్మితే బేస్ కూడా పొలంతోపాటే కొన్నవారికి వెళ్తుంది. విట్‌మన్‌లో వెయ్యి ఎకరాల గోధుమ బేస్ ఉన్న పొలంలో ఈ ఏడాది మసూరు గానీ కాబూలీ శనగ గానీ వేసినా గోధుమ చెల్లింపు గోధుమ లెక్క ప్రకారమే వస్తుంది. ఎన్నో ఏళ్లుగా గోధుమే వేస్తున్నా ఆ భూమికి బేస్ నమోదు కాకపోతే పైసా రాదు.

ఇలా ఎందుకు చేశారన్నదానికి కారణం లేకపోలేదు. ఏ పంటకు డబ్బిస్తే రైతులు ఆ పంటే ఎక్కువగా వేస్తారు, పంట పోగుపడి ధర ఇంకా పడిపోతుంది, ప్రభుత్వం ఇంకా ఎక్కువ ఇవ్వాల్సి వస్తుంది. ఈ చక్రాన్ని తెంచాలని 1996 చట్టం చెల్లింపునూ సాగునూ వేరుచేసింది. అప్పటికి ఏడాది ముందే అమల్లోకి వచ్చిన ప్రపంచ వాణిజ్య సంస్థ వ్యవసాయ ఒప్పందం కూడా, ఉత్పత్తితో ముడిపడని సాయాన్నే తక్కువ హానికరమైనదిగా చూసింది. ఆర్థిక శాస్త్రం దృష్టిలో ఇది సబబైన నిర్ణయమే. అయితే సాయాన్ని పంట నుంచి వేరుచేసినప్పుడు అది మరెక్కడో అతుక్కోవాలి. ఇక్కడ అది భూమికి అతుక్కుంది, తర్వాతి చిక్కుల్లో చాలావరకు అక్కడే పుట్టాయి.

ఇప్పుడు పథకాలకు వద్దాం. 2002 నుంచి 2013 వరకు ధర బాగున్నా బాగాలేకపోయినా బేస్ ఎకరాలకు ఏటా స్థిరమైన మొత్తం ఇచ్చేవారు. ధరలు ఆకాశాన్నంటిన ఏళ్లలో కూడా దేశవ్యాప్తంగా ఏటా దాదాపు 500 కోట్ల డాలర్లు అలా వెళ్లడం మీద విమర్శ పెరిగి, 2014 చట్టం ఆ చెల్లింపులను రద్దు చేసింది. వాటి స్థానంలో రెండు పథకాలు పెట్టి, రైతులు ఒకటి ఎంచుకోవాలంది. మొదటిది ప్రైస్ లాస్ కవరేజ్, క్లుప్తంగా పీఎల్‌సీ. ఇది ధర పడిపోతే ఇచ్చేది. రెండోది అగ్రికల్చర్ రిస్క్ కవరేజ్, ఏఆర్‌సీ. దీన్ని ఎక్కువమంది కౌంటీ స్థాయి రూపంలో తీసుకుంటారు. ఇది కౌంటీలో ఎకరా రాబడి పడిపోతే ఇచ్చేది.

పీఎల్‌సీ లెక్క చిన్నది కాబట్టి ఒక ఉదాహరణ తీసుకుందాం. గోధుమకు చట్టం నిర్ణయించిన రిఫరెన్స్ ధర 2014 నుంచి 2024 పంట దాకా బుషెల్‌కు 5.50 డాలర్లు. గోధుమ బుషెల్ అంటే 27 కిలోల పైచిలుకు, కాబట్టి ఇది క్వింటాలుకు దాదాపు 20 డాలర్లు. 2019 పంటకు దేశ సగటు మార్కెట్ ధర 4.58 డాలర్లు పలికింది. తేడా 92 సెంట్లు. వెయ్యి బేస్ ఎకరాలున్న పొలానికి పాత రికార్డు ప్రకారం ఎకరా దిగుబడి 60 బుషెళ్లు అనుకుందాం. చట్టం బేస్ ఎకరాల్లో 85 శాతానికే చెల్లిస్తుంది, అంటే 850 ఎకరాలు. 850ని 60తో, దాన్ని 92 సెంట్లతో గుణిస్తే 46,920 డాలర్లు. ఆ పొలంలో 2019లో గోధుమ ఎన్ని బస్తాలు పండింది, అసలు గోధుమ వేశారా, వేస్తే ఎంతకు అమ్మారు అన్న ప్రశ్నలు ఈ లెక్కలో ఎక్కడా లేవు.

ధర దేశ సగటు కావడం విట్‌మన్ విషయంలో ప్రత్యేకంగా గమనించాల్సిన సంగతి. అక్కడ పండేది ఎక్కువగా మెత్తని తెల్ల గోధుమ. లారీల్లో స్నేక్ నది రేవులకు చేరి, అక్కడి నుంచి బార్జీల మీద పోర్ట్‌లాండ్ దాకా వెళ్లి ఓడకెక్కుతుంది. జపాన్, దక్షిణ కొరియా, ఫిలిప్పీన్స్ వంటి దేశాలు కేకులకు, బిస్కెట్లకు, నూడిల్స్‌కు దీన్ని కొంటాయి. కాన్సస్‌లో పండే గట్టి ఎర్ర గోధుమ మార్కెట్ వేరు, కొనేవారు వేరు. సబ్సిడీ లెక్కలో మాత్రం గోధుమ రకాలన్నిటికీ కలిపి ఒకే సగటు ధర. ఎర్ర గోధుమ ధర కూలి తెల్ల గోధుమ నిలబడిన ఏడాది పలూస్ రైతుకు తనది కాని నష్టానికి డబ్బు రావచ్చు, దీనికి ఎదురు కూడా జరగవచ్చు. 2024 పంట సంగతే చూడండి. దేశ సగటు ధర 5.52 డాలర్ల దగ్గర ఆగింది. రిఫరెన్స్ ధర కంటే రెండు సెంట్లు ఎక్కువ కాబట్టి పీఎల్‌సీ గోధుమ చెల్లింపు సున్నా. ఎరువులు, యంత్రాలు, వడ్డీలు 2019తో పోలిస్తే ఎంతో పెరిగాయన్నది ఆ లెక్కకు పట్టలేదు. సాగు ఖర్చు ఈ సూత్రంలో భాగమే కాదు.

ఏఆర్‌సీ ఇంకొంచెం మెలిక. గడిచిన అయిదేళ్ల కౌంటీ దిగుబడుల్లో అన్నిటికంటే ఎక్కువనూ తక్కువనూ తీసేసి, మిగిలిన మూడింటి సగటు తీస్తారు. దేశ సగటు ధరలకూ అలాగే చేస్తారు. రెండింటినీ గుణిస్తే ఎకరాకు ప్రామాణిక రాబడి వస్తుంది. 2024 దాకా ఉన్న నియమం ప్రకారం, ఆ ఏడాది కౌంటీ రాబడి దీనిలో 86 శాతం కంటే తగ్గితే ఆ లోటు ఇస్తారు, అదీ ప్రామాణిక రాబడిలో 10 శాతం మించకుండా. కౌంటీ సగటు 70 బుషెళ్లు, సగటు ధర 5.50 డాలర్లు అనుకుంటే ప్రామాణిక రాబడి ఎకరాకు 385 డాలర్లు, హామీ 331 డాలర్ల 10 సెంట్లు. ఇప్పుడు 2021 వంటి ఏడాదిని ఊహించుకోండి. ఆ ఏడాది వాయవ్య రాష్ట్రాల్లో తీవ్రమైన కరవు వచ్చింది, గోధుమ దేశ సగటు ధర మాత్రం 7.63 డాలర్లకు ఎగబాకింది. కౌంటీ దిగుబడి 40 బుషెళ్లకు పడిపోయిందనుకున్నా రాబడి 305 డాలర్లు ఉంటుంది, లోటు 26 డాలర్ల లోపే. దానిలోనూ 85 శాతమే చేతికొస్తుంది. అంటే దిగుబడి నలభై శాతానికి పైగా పోయిన కరవులో ఈ పథకం నుంచి అందేది ఎకరాకు 22 డాలర్లు. పీఎల్‌సీ ఎంచుకున్నవారికైతే ధర ఎక్కువ ఉన్నందున అదీ లేదు.

పైగా కౌంటీ సగటు అన్నది ఎవరి పొలానికీ అచ్చుగుద్దినట్టు సరిపోదు. విట్‌మన్ పశ్చిమ అంచున వాన తక్కువ, అక్కడ చాలామంది ఒక ఏడాది పంట వేసి తర్వాత నేలను బీడుగా ఉంచి తేమ నిలుపుకుంటారు. ఐడహో వైపు వెళ్లేకొద్దీ వాన పెరిగి ఏటా పంట వేయగలుగుతారు. తూర్పున బాగా పండి పశ్చిమాన ఎండిపోతే, సగటు బాగుందని తేల్చి ఎవరికీ ఏమీ ఇవ్వని పరిస్థితి వస్తుంది. ఈ ఇబ్బందిని గుర్తించి 2018 చట్టం విశాలమైన కౌంటీలను విడగొట్టి లెక్కించేందుకు అనుమతించింది గానీ, దేశం మొత్తంలో 25 కౌంటీలకు మించకూడదని హద్దు పెట్టింది. మండలాన్ని యూనిట్‌గా తీసుకోవాలా గ్రామాన్ని తీసుకోవాలా అని పంట బీమా విషయంలో మన దగ్గర సాగిన వాదనలు తెలిసినవారికి ఈ తగవు కొత్తగా అనిపించదు.

సొంత పొలంలో పంట పోయిన రైతును నిజంగా ఆదుకునేది ఫెడరల్ పంట బీమా. అందులో లెక్క ఆ రైతు సొంత దిగుబడుల చరిత్ర మీదే నడుస్తుంది. పాలసీలు అమ్మేది ప్రైవేటు కంపెనీలు, ప్రీమియంలో సగటున 60 శాతానికి పైగా ప్రభుత్వం కడుతుంది. ఈ రాయితీకి ఆదాయ పరిమితి గానీ మనిషికి ఇంతేనన్న గరిష్ఠ పరిమితి గానీ లేవు. పీఎల్‌సీ, ఏఆర్‌సీ డబ్బు ఎవరికి ఎంత వెళ్లిందో పేర్లతో సహా చూడవచ్చు. పంట బీమా రాయితీ ఎవరికి ఎంత చేరిందో పేర్లు బయటపెట్టకుండా చట్టమే కాపాడుతుంది. ప్రజల సొమ్ము ఖర్చయ్యే చోట ఈ తేడాకు సమర్థన ఏమిటో నాకు అర్థం కాదు.

ఈ పథకాలకు ఇంకో లోపం, ఆలస్యం. విట్‌మన్‌లో శీతాకాలపు గోధుమ జులై, ఆగస్టుల్లో కోతకు వస్తుంది. సగటు ధర తేల్చే మార్కెట్ సంవత్సరం తర్వాతి మే నెలతో ముగుస్తుంది. చెల్లింపు ఆ అక్టోబరు తర్వాతే. 2019 వేసవిలో కోసిన పంటకు డబ్బు 2020 అక్టోబరులో వచ్చింది. బ్యాంకు అప్పు, ఎరువుల కొట్టు బాకీ ఏడాదికి పైగా ఆగవు. అందుకే ధరలు కూలిన ప్రతిసారీ వాషింగ్టన్ డీసీలో అప్పటికప్పుడు ప్రత్యేక సాయం ప్రకటిస్తారు. చట్టంలో ఉన్న పథకాల కంటే ఈ ప్రత్యేక సాయాలే పెద్దవైన ఏళ్లు కూడా ఉన్నాయి. 2020లో కరోనా సాయంతో కలిపి రైతులకు నేరుగా చేసిన ప్రభుత్వ చెల్లింపులు 4,500 కోట్ల డాలర్లు దాటాయి.

ఈ ప్రత్యేక సాయాల్లో ఒకదానితో మన దేశానికి నేరుగా సంబంధం ఉంది. 2017 చివర్లో భారత ప్రభుత్వం ఇక్కడి పప్పుధాన్యాల ధరలు పడిపోతున్నాయని దిగుమతి బఠాణీ మీద 50 శాతం, శనగ, మసూరు మీద 30 శాతం సుంకం వేసింది. అమెరికాలో ఈ పప్పుల సాగుకు పలూస్ ప్రాంతం పేరున్నది, పుల్‌మన్‌లో మసూరు పేరిట ఏటా ఉత్సవమే జరుగుతుంది. 2018లో ట్రంప్ ప్రభుత్వం ఉక్కు, అల్యూమినియంల మీద సుంకాలు వేసింది. దానికి ప్రతిగా 2019 జూన్‌లో భారత్ అమెరికా శనగ, మసూరు, ఆపిల్, బాదం వంటి వాటి మీద అదనపు సుంకాలు వేసింది, 2023లో వాటిని ఎత్తేసింది. ఇక్కడి కంది, శనగ రైతును కాపాడేందుకు, ఆ పైన వాణిజ్య పోరులో బదులు తీర్చేందుకు తీసుకున్న నిర్ణయాల భారం వాషింగ్టన్ రాష్ట్రపు గుట్టల మీది రైతు మీద పడింది. ఆ నష్టంలో కొంత అక్కడి ప్రభుత్వం పన్నుల సొమ్ముతో పూడ్చింది.

ఆ పూడ్చిన తీరు కూడా చూడాలి. మార్కెట్ ఫెసిలిటేషన్ ప్రోగ్రామ్ పేరిట రెండేళ్లలో దాదాపు 2,300 కోట్ల డాలర్లు పంచారు. 2018లో పంటను బట్టి రేటు పెట్టారు: సోయాకు బుషెల్‌కు 1.65 డాలర్లు, మొక్కజొన్నకు ఒకే ఒక్క సెంటు. సోయా వైపు అంత మొగ్గితే అందరూ సోయా వేస్తారన్న భయంతో 2019లో పద్ధతి మార్చి, ప్రతి కౌంటీకీ ఎకరాకు ఒకే రేటు నిర్ణయించారు. ఆ కౌంటీలో ఏ పంటలు ఎంత పండుతాయి, వాటి మీద సుంకాల దెబ్బ ఎంత అన్నదాన్ని బట్టి రేటు 15 డాలర్ల నుంచి 150 డాలర్ల దాకా ఉంది. పత్తి ఎక్కువగా పండే దక్షిణాది కౌంటీలు పై అంచుకు చేరాయి. కౌంటీ సరిహద్దుకు అటు ఒక రేటు, ఇటు ఒక రేటు. రోడ్డుకు అటూ ఇటూ ఒకే పంట వేసినా ఎకరా సాయం వేరు. రైతులను ఎక్కువగా బాధించింది ఇదే. కరవు అందరికీ కరవే గనుక తక్కువ వచ్చినా సర్దుకుంటారు, పొరుగువాడికి ఎక్కువ వచ్చి తనకు తక్కువ రావడానికి కారణం జిల్లా గీత ఒక్కటే అయితే సర్దుకోవడం కష్టం.

ఇక డబ్బు చివరికి ఎవరి దగ్గర ఆగుతుందన్న ప్రశ్న. అమెరికా సాగుభూమిలో దాదాపు 39 శాతం కౌలుకు నడుస్తున్నదనీ, ఆ కౌలు భూమిలో 80 శాతం తాము సేద్యం చేయని యజమానులదనీ 2014లో అక్కడి వ్యవసాయ శాఖ చేసిన సర్వే తేల్చింది. పలూస్‌లో పాత కాలం నుంచీ నడుస్తున్న ఆచారం పాలు పద్ధతి: పంటలో మూడో వంతు యజమానిది, రెండు వంతులు సాగుదారుది. పాలు ఉన్నచోట సబ్సిడీ కూడా పాలు ప్రకారమే చీలుతుంది. పైన లెక్కగట్టిన 46,920 డాలర్లలో 15,640 డాలర్లు యజమానికి పోగా 31,280 డాలర్లు సాగుదారుకు మిగులుతాయి. ఆ యజమాని తాతల నాటి పొలం మీద హక్కు ఉండి సియాటిల్‌లో స్థిరపడిన ఉద్యోగి కావచ్చు. అతను మోసం చేయడం లేదు. పంటలో పాలు ఉంది కాబట్టి నష్టభయంలోనూ పాలు ఉందన్నది చట్టం చెప్పే తర్కం.

నగదు కౌలు ఉన్నచోట చట్టం ఇంకా గట్టిగా ఉంది: కౌలు రైతుకే మొత్తం సబ్సిడీ, యజమానికి ఏమీ లేదు. కాగితం మీద ఇది కౌలు రైతు పక్షం. కానీ ఈ భూమికి ఇంత బేస్ ఉంది, సగటున ఇంత వస్తుంది అన్న సంగతి ఇద్దరికీ తెలుసు. కౌలు గడువు తీరగానే ఆ మొత్తంలో కొంత కౌలు ధరలో కలుస్తుంది. భూమి అమ్మకపు ధరలోనూ అది చేరుతుంది. ఎంత భాగం చేరుతుందన్నదానిపై ఆర్థికవేత్తల అంచనాలు వేర్వేరుగా ఉన్నా, చేరుతుందన్న విషయంలో పెద్దగా భేదాభిప్రాయం లేదు. ఇప్పటికే భూమి ఉన్నవారికి ఇది లాభం. కొత్తగా సేద్యంలోకి రావాలనుకునే యువ రైతు మాత్రం, రాబోయే సబ్సిడీని ముందుగానే భూమి ధర రూపంలో కట్టేసి మొదలుపెట్టాలి.

ఈ చిక్కు అమెరికా సబ్సిడీలతోపాటే పుట్టింది. 1933 మేలో రూజ్వెల్ట్ సంతకం చేసిన వ్యవసాయ సర్దుబాటు చట్టం, ధరలు నిలబెట్టేందుకు సాగు తగ్గించుకున్నవారికి డబ్బిచ్చింది. అప్పటికే మొలిచిన పత్తిని కోటి ఎకరాల మేర దున్నించేశారు. దక్షిణాదిలో ఆ డబ్బు ఎక్కువగా భూస్వాముల చేతికే వెళ్లింది. సాగు తగ్గింది కాబట్టి పాలేర్లూ పాలుదార్లూ అక్కర్లేదని వేల కుటుంబాలను, నల్లవారినీ తెల్లవారినీ, పొలాల నుంచి గెంటేశారు. 1934 జులైలో ఆర్కన్సా రాష్ట్రం పోయిన్‌సెట్ కౌంటీలోని టైరోంజా ఊళ్లో 11 మంది తెల్లవారూ ఏడుగురు నల్లవారూ కలిసి దక్షిణాది కౌలు రైతుల సంఘాన్ని పెట్టింది ఇందుకే. 1936 జనవరిలో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది, కానీ దానికి కారణం పన్ను విధించే అధికారానికి సంబంధించిన వివాదం, కౌలు రైతుల గోడు కాదు. ఆ తర్వాతి చట్టాలు పేర్లు మార్చుకుంటూ ఇప్పటిదాకా వచ్చాయి.

తెలుగు రాష్ట్రాల్లో ఇదే ప్రశ్న మన కళ్లముందే ఉంది. తెలంగాణలో 2018 మేలో మొదలైన రైతుబంధు ఎకరాకు సీజన్‌కు 4,000 రూపాయలతో ప్రారంభమై తర్వాత 5,000కు చేరింది. 2025 జనవరిలో రైతు భరోసాగా మారి 6,000 అయింది. ఆ డబ్బు పట్టాదారు ఖాతాలోనే పడుతుంది, దున్నే కౌలు రైతు లెక్కలో లేడు. ఆంధ్రప్రదేశ్‌లో 2011 నాటి చట్టం, ఆ తర్వాత 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కౌలు రైతుకు కార్డు ఇచ్చే దారి తెరిచాయి గానీ, యజమాని ఒప్పుకొని సంతకం పెట్టడమే అసలు అడ్డంకిగా మిగిలింది. అమెరికాలో కౌలు ఒప్పందం రాతపూర్వకమైనా నోటిమాటైనా కౌంటీ కార్యాలయం దాన్ని పరిశీలించి నగదా పాలా అని తేల్చి చెల్లిస్తుంది. అంతవరకు వారు మనకంటే ముందున్నారు. కౌలు ధర పెరగడం ద్వారా సాయం యజమానికి చేరడాన్ని మాత్రం వారూ ఆపలేకపోయారు.

గరిష్ఠ పరిమితి విషయానికొస్తే, 2014 నుంచి 2024 పంట దాకా పీఎల్‌సీ, ఏఆర్‌సీ కలిపి మనిషికి ఏడాదికి 1,25,000 డాలర్లు. సగటు ఆదాయం తొమ్మిది లక్షల డాలర్లు దాటినవారు అనర్హులు. 2019 లెక్క ప్రకారం ఎకరాకు దాదాపు 47 డాలర్లు వస్తే 2,650 ఎకరాల బేస్ దాటాకే ఈ పరిమితి తగులుతుంది. భార్యాభర్తలిద్దరూ సాగులో ఉన్నారని చూపితే పరిమితి రెట్టింపు. కుటుంబ భాగస్వామ్య సంస్థ పెట్టుకుంటే ప్రతి భాగస్వామికీ విడి పరిమితి. అందుకు సాగులో ‘చురుకుగా పాల్గొనాలి’ అన్న షరతు ఉంది. కానీ శ్రమ లేకపోయినా నిర్వహణలో పాలుపంచుకుంటే చాలు. 2018 చట్టం కుటుంబ సభ్యుల జాబితాలో అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల పిల్లలను, చిన్నాన్న, మేనత్తల పిల్లలను కూడా చేర్చింది. పర్యావరణ పరిశోధనా సంస్థ ఎన్విరాన్‌మెంటల్ వర్కింగ్ గ్రూప్ ప్రభుత్వ రికార్డులు సేకరించి వేసిన లెక్క ప్రకారం, 1995 నుంచి పంట సబ్సిడీల్లో నాలుగింట మూడు వంతులకు పైగా సొమ్ము పై పది శాతం లబ్ధిదారులకే చేరింది. ఈ అంకెను జాగ్రత్తగా చదవాలి. కింది తొంభై శాతంలో ఏడాదికి కొన్ని వందల డాలర్ల పాలు అందుకునే పట్టణ వారసులు కూడా ఉంటారు, వారందరూ పేద రైతులు కారు. అయినా ఎకరానికి కట్టిన సాయం ఎకరాలు ఎక్కువున్నవారికే ఎక్కువ వెళ్తుందన్న మౌలిక సత్యం దీనివల్ల మారదు.

ఈ వ్యవహారమంతా చూసేది కౌంటీలోని ఫార్మ్ సర్వీస్ ఏజెన్సీ కార్యాలయం. రైతు అక్కడికే వెళ్లి ఏ సర్వే నంబరులో ఏం వేశాడో నమోదు చేయించుకుంటాడు, పథకం ఎంచుకుంటాడు. దానిపై స్థానిక రైతులు తమలోంచే మూడేళ్ల కాలానికి ఎన్నుకున్న కౌంటీ కమిటీ ఉంటుంది. గ్రామం తెలిసినవారి చేతిలో అధికారం ఉండటం మంచిదే, కానీ దక్షిణాదిలో దశాబ్దాలపాటు ఆ కమిటీల్లో నల్లజాతి రైతులకు చోటు లేదు. అప్పులు, సాయాలు వారికి ఆలస్యంగానో తక్కువగానో అందాయి, లేదా అందనే లేదు. దీని మీద వేసిన పిగ్‌ఫోర్డ్ కేసు 1999లో రాజీతో ముగిసింది, ప్రభుత్వం సుమారు వంద కోట్ల డాలర్లు పరిహారంగా ఇచ్చింది. గడువు దాటి వచ్చినవారి కోసం 2010లో మరో 125 కోట్ల డాలర్లకు ఒప్పందం జరిగింది. అప్పటికి చాలామంది భూములు చేజారిపోయి ఉన్నాయి.

సాగు చేయనందుకు ఇచ్చే సాయం గురించి ఒక మాట. పలూస్ గుట్టల ఏటవాలు మీద మట్టి సులువుగా కొట్టుకుపోతుంది. అటువంటి నేలను 10–15 ఏళ్లు గడ్డికి వదిలేస్తే ప్రభుత్వం ఏటా కౌలు కట్టే పథకం 1985 నుంచి ఉంది. ఒక కౌంటీ సాగుభూమిలో పావు వంతుకు మించి ఇలా వదలకూడదన్న నియమం సాధారణంగా అమలవుతుంది. పొలాలన్నీ బీడు పడితే ఎరువుల కొట్టూ, ధాన్యం గిడ్డంగీ, ట్రాక్టరు మెకానిక్కూ మూతపడతారు. రైతుకు లాభమైనది ఊరికి నష్టం కాగలదని గుర్తించి రాసిన నియమం ఇది, ఈ చట్టాల్లో నాకు నచ్చిన కొద్ది నియమాల్లో ఒకటి.

2025 జులైలో ఆమోదం పొందిన కొత్త చట్టం రిఫరెన్స్ ధరలను ఒక్కసారిగా పెంచింది. గోధుమకు 5.50 నుంచి 6.35 డాలర్లు, మొక్కజొన్నకు 3.70 నుంచి 4.10, సోయాకు 8.40 నుంచి 10 డాలర్లు. 2019 నాటి 4.58 డాలర్ల ధరే మళ్లీ వస్తే, మన ఉదాహరణలోని వెయ్యి ఎకరాల బేస్‌కు 46,920 బదులు 90,270 డాలర్లు వస్తాయి. ఏఆర్‌సీ హామీ 86 నుంచి 90 శాతానికి, మనిషి పరిమితి 1,55,000 డాలర్లకు పెరిగాయి. 2025 పంటకు మాత్రం రెండు పథకాల్లో ఏది ఎక్కువైతే అది ఇస్తారు, అదీ 2026 అక్టోబరు తర్వాతే. ఈ చట్టానికి ముందే, 2024 డిసెంబరులో 1,000 కోట్ల డాలర్ల ప్రత్యేక సాయం ప్రకటించారు; చెల్లింపుల దాకా రైతులు ఆగలేరని మళ్లీ 2025 డిసెంబరులో 1,200 కోట్ల డాలర్లు ప్రకటించారు.

బేస్ లేని పొలాల కోసం కూడా ఈ చట్టంలో ఏర్పాటు ఉంది. 2019 నుంచి 2023 వరకు వేసిన పంటలను చూసి దేశవ్యాప్తంగా మూడు కోట్ల ఎకరాల దాకా కొత్త బేస్ ఇస్తారు. ఇన్నాళ్లూ గోధుమ వేస్తూ ఏమీ అందుకోని రైతుకు ఇది ఊరటే. కొత్త బేస్ కూడా పాతదానిలాగే భూమికే నమోదవుతుంది. అయిదేళ్లూ ఆ పొలాన్ని దున్ని ఆ రికార్డును సంపాదించి పెట్టినవాడు కౌలు రైతు అయితే, కౌలు ముగిశాక ఆ బేస్ పొలంతోనే ఉండిపోతుంది. తర్వాతి కౌలు ధర మాట్లాడుకునేటప్పుడు దాని విలువ అతని ముందే లెక్కలోకి వస్తుంది.